వాగులో పట్టిన పశ్చిమ ఆఫ్రికా డ్వార్ఫ్ సిచ్లిడ్‌లను సాకి, గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచడం ఎలా

అక్వేరియం దుకాణాల్లో క్రిబెన్సిస్ అన్న పేరుతో సాధారణంగా అమ్మేది పెల్వికాక్రోమిస్ పుల్కర్ అనే చేప, సిచ్లిడ్ కుటుంబంలోని చిన్న జాతుల్లో (డ్వార్ఫ్ సిచ్లిడ్‌లలో) ఒకటి. నైజీరియా దక్షిణ ప్రాంతపు నదులు దాని పుట్టిల్లు అయినా, ఎన్నో తరాలుగా ఫారాల్లో పెరుగుతూ వచ్చినందువల్ల అది దాదాపు ఏ కుళాయి నీటికైనా అలవాటు పడింది. పొడి మేత వేసినా తింటుంది, పగిలిన కుండ పెంకు దొరికినా దాని కింద గుడ్లు పెడుతుంది. వర్షారణ్యపు వాగులో వలవేసి పట్టి, నిల్వ తొట్టెల్లో కొన్నాళ్లు ఉంచి, సంచుల్లో కట్టి ఖండాలు దాటించి తెచ్చిన చేప పరిస్థితి వేరు. అది మీ చేతికి వచ్చేనాటికి చిక్కిపోయి ఉంటుంది, పొట్టలో పరాన్నజీవులు ఉండే అవకాశం ఎక్కువ, కదలనిది కూడా మేతే అవుతుందని దానికి ఇంకా తెలియదు. ఇలాంటి చేపతో గుడ్లు పెట్టించడం పెద్ద విద్యేమీ కాదు. అసలు కష్టమంతా దాన్ని కుదుటపడనివ్వడంలోనే ఉంది. వచ్చిన తొలి నెలన్నర సవ్యంగా గడిస్తే తర్వాతి పని చాలావరకు చేపే చూసుకుంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ తొలి రోజుల ఏర్పాట్లకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఏ జాతి, ఏ వాగు

కొనకముందే తేల్చుకోవలసిన మొదటి విషయం, మీరు తెచ్చుకోబోతున్న చేప ఏ జాతిదో, ఏ వాగులో పట్టినదో అన్నది. కామెరూన్ తీరంలోని క్రిబి పట్టణం పేరు మీద 1911లో క్రిబెన్సిస్ అని నామకరణం పొందిన చేపను తర్వాత చాలాకాలం పెల్వికాక్రోమిస్ టేనియేటస్‌లోనే కలిపి చూశారు. 2014లో ఆ రెంటినీ మళ్లీ విడదీసి, కామెరూన్ చేపలకు పెల్వికాక్రోమిస్ క్రిబెన్సిస్ అన్న పేరును తిరిగి ఇచ్చారు. అదే సందర్భంలో వూరి నది ప్రాంతపు చేపను పెల్వికాక్రోమిస్ డ్రాకెన్‌ఫెల్సి అనే కొత్త జాతిగా వర్ణించారు. కాబట్టి పాత పుస్తకాల్లో 'టేనియేటస్ మోలివే', 'టేనియేటస్ నాంగే' అని కనిపించేవన్నీ ఇప్పటి లెక్కలో క్రిబెన్సిస్‌లే. టేనియేటస్ అన్న పేరు నైజీరియా వైపు చేపలకు మిగిలింది. దక్షిణాన గాబన్ నుంచి కాంగో నది ముఖద్వారం దాకా తీరప్రాంతంలో ఉండేది సబోసెల్లేటస్. పడమరకు వెళ్తే గినియా, సియెర్రా లియోన్, లైబీరియా వాగుల్లో హ్యూమిలిస్, దాని దగ్గరి బంధువులు ఉంటాయి. వీటిని 2016లో వాలేసియోక్రోమిస్ అనే వేరే ప్రజాతి కిందికి మార్చారు.

మోలివే, నాంగే, లోబే, కియెంకే, దెహానే వంటి పేర్లు వాణిజ్యపు ముద్రలు కావు, ఆ చేపను పట్టిన ఊళ్లవో నదులవో పేర్లు. ఒకే జాతి అయినా ఆడచేప వీపురెక్క మీది మచ్చలు, తోక రంగు, పొట్ట మీది ఊదా మెరుపు, మగచేప గొంతు పసుపు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటాయి. రెండు వాగుల చేపలను జతపరిస్తే పిల్లలు పుడతాయి, కానీ ఆ పిల్లలు ఏ వాగువీ కావు. పట్టిన చోటు పేరు చెప్పలేని విక్రేత దగ్గర అడవి చేపను కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అలా కొన్నది ఎంత అందంగా ఉన్నా దాని పిల్లలతో ఒక వంశాన్ని నిలబెట్టలేరు. చట్టబద్ధంగా ఎగుమతి అయి వచ్చిందో లేదో అడిగి తెలుసుకోవడం కూడా కొనేవారి బాధ్యతే.

అడవి చేపలను తొలిసారి తెచ్చుకునేవారికి నేను సూచించేది క్రిబెన్సిస్ మోలివే లేదా నాంగే, లేకపోతే సియెర్రా లియోన్, గినియా, లైబీరియాలకు చెందిన అనోమలోక్రోమిస్ థోమసి. ఈ రెండోది గుహలో కాకుండా చదునైన రాయి మీదో వెడల్పాటి ఆకు మీదో బహిరంగంగా గుడ్లు పెడుతుంది, కాబట్టి కింద గుహల గురించి చెప్పబోయేది దానికి వర్తించదు, మిగతాదంతా వర్తిస్తుంది. కాంగో పరివాహక ప్రాంతపు నానోక్రోమిస్‌ల జోలికి మాత్రం చేయి తిరిగాకే వెళ్లాలి. వాటి నీరు ఇంకా మెత్తన (అంటే కరిగిన లవణాలు ఇంకా తక్కువ), మగచేప దూకుడు ఇంకా ఎక్కువ.

నీళ్లు ముందు, చేప తర్వాత

ఈ చేపలు ఉండే వాగుల్లో నీరు చాలా మెత్తనిది, లవణాలు తక్కువ, ఎండుటాకుల కషాయం దిగి లేత టీ రంగులో ఉంటుంది. ఉష్ణోగ్రత ఎక్కువచోట్ల 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్యన, పీహెచ్ 5.5 నుంచి 7 మధ్యన ఉంటుంది. ఈ సంఖ్యల్లో పీహెచ్ కంటే ముందు పట్టించుకోవలసింది నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని. ఒక కండక్టివిటీ మీటరు లేదా టీడీఎస్ మీటరు తప్పక కొనుక్కోండి. పెంపకానికి 100 నుంచి 200 మైక్రోసీమెన్స్, గుడ్లు పెట్టించడానికి 150 లోపు ఉంటే చాలా పెల్వికాక్రోమిస్‌లకు సరిపోతుంది.

కుళాయి నీరు గట్టిదైతే దానిలో ఆమ్లం కలిపి పీహెచ్ దించాలని చూడకండి. కార్బొనేట్లు ఉన్నంతకాలం పీహెచ్ మళ్లీ పైకి లేస్తూనే ఉంటుంది, ఆ ఎగుడుదిగుడుల మధ్య నలిగేది చేప. ఆర్‌ఓ నీటిలో కొద్దిగా కుళాయి నీరు కలిపి కావలసిన కండక్టివిటీకి తెచ్చుకుని, ఆ మెత్తబడ్డ నీటిలో ఎండుటాకులు, ఆల్డర్ చెట్టు కాయలు లేదా పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) వేస్తే పీహెచ్ దానంతటదే నెమ్మదిగా 6 నుంచి 6.5 మధ్యకు దిగుతుంది. కార్బొనేట్ గట్టిదనాన్ని పూర్తిగా సున్నా చేయకుండా ఒక డిగ్రీ దగ్గర ఉంచితే పీహెచ్ ఒక్కరాత్రిలో కూలిపోయే ప్రమాదం తప్పుతుంది.

ఇక్కడ మరో విషయం తెలిసి ఉండాలి. ఫిల్టరులో ఉండి అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా పీహెచ్ 6 కిందికి వెళ్లేకొద్దీ మందగిస్తుంది. ఆమ్ల నీటిలో అమ్మోనియా చాలావరకు హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి పైకి ఏ ఇబ్బందీ కనబడదు. కానీ అలా పేరుకున్న ట్యాంకులో ఒక్కసారిగా గట్టి కుళాయి నీరు పోస్తే పీహెచ్ లేచి, అమ్మోనియం అంతా విషపు అమ్మోనియాగా మారి, గంటల్లోనే చేపలు చనిపోవచ్చు. నీరు మార్చేది కొద్దికొద్దిగా, తరచుగా, ట్యాంకులో ఉన్నటువంటి నీటితోనే మార్చాలన్న నియమం ఇందుకే. వారానికి పదిహేను నుంచి ఇరవై శాతం చాలు. ఈ నీటిని ఒకరోజు ముందే సిద్ధం చేసి, గాలి బుడగలు పెట్టి, అదే ఉష్ణోగ్రతకు తెచ్చి ఉంచుకోండి.

ట్యాంకును అమర్చడం

ఒక జతకు 80 సెంటీమీటర్ల పొడవు, 35 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకు అయితే నిశ్చింతగా ఉండవచ్చు. నీటి లోతు ఎంతన్నది ఈ చేపలకు పెద్దగా లెక్క కాదు. అడుగున తిరిగే చేపలు కాబట్టి నేల విస్తీర్ణమే వాటికి ఇల్లు. అడుగున సన్నని, పదునులేని ఇసుక పరవండి. ఇవి రోజంతా ఇసుకను నోటిలోకి తీసుకుని, అందులోని తిండిని ఏరుకుని, మిగిలిన రేణువులను మొప్పల గుండా వదిలేస్తుంటాయి. గుండుసూది తలకంటే పెద్ద గులకరాళ్లు ఉంటే ఈ పని చేయలేవు. ఆ ఇసుక మీద నాటుబాదం, ఓక్ లేదా బీచ్ ఎండుటాకులను ఒక పొరగా వేస్తే దాక్కునే చోటు దొరుకుతుంది, ఆకుల మీద పెరిగే సూక్ష్మజీవులు తర్వాత పిల్లలకు తొలి మేత అవుతాయి.

గుహలు కనీసం నాలుగు ఉండాలి, అన్నీ ఒకే పరిమాణంలో ఉండకూడదు. సగం కొబ్బరి చిప్పను బోర్లించి అంచున చిన్న తొర్ర కొట్టవచ్చు, మట్టి గొట్టాలు వాడవచ్చు, వెదురు ముక్కలు పెట్టవచ్చు. తొర్ర ఆడచేప ఒరుసుకుంటూ దూరేంత ఉంటే చాలు, మగచేపకు ఇరుకైనా పరవాలేదు. వెడల్పాటి వాకిలి ఉన్న గుహను ఇవి అంతగా నమ్మవు. దాన్నే ఎంచుకుంటే రోజుల తరబడి ఇసుక మోసి వాకిలిని మూస్తాయి. ప్రతి గుహ వాకిలీ వేరే దిక్కుకు తిరిగి ఉండేలా, మధ్యలో డ్రిఫ్ట్‌వుడ్ లేదా మొక్క అడ్డు వచ్చేలా అమర్చండి. తరుముతున్న చేప కంట పడకుండా తప్పుకునే దారి లేని ట్యాంకులో ఏ జతా నిలవదు.

మొక్కల్లో అనూబియాస్, బోల్బిటిస్ హ్యూడెలోటీ, క్రైనమ్ నటాన్స్ వంటివి ఆ ప్రాంతానివే, వేళ్లు తవ్వే చేపలను తట్టుకునేవే. మొదటి రెండింటినీ ఇసుకలో పాతకుండా కర్రకు కట్టాలి. నీటిపైన సెరటాప్టెరిస్ తేలుతూ ఉంటే వెలుతురు తగ్గి చేపలు బయటికి వస్తాయి. ఫిల్టరు విషయానికి వస్తే, గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టరుకు మించినది లేదు. ప్రవాహం మెల్లగా ఉంటుంది, పిల్లలను లాగేయదు.

పైపొరల్లో ఈదే చిన్న చేపలను ఒక గుంపుగా ఉంచడం అలంకారం కోసం కాదు. పైన చేపలు ప్రశాంతంగా తిరుగుతుంటేనే కింద ఉన్న పిరికి సిచ్లిడ్‌లకు ప్రమాదం లేదన్న ధైర్యం కలుగుతుంది. పోరోపాంచాక్స్ నోర్మని, ఎపిప్లాటిస్ జాతులు ఇందుకు తగినవి. అడుగున తిరిగే మార్పు చేపలను (క్యాట్‌ఫిష్‌లను) మాత్రం పిల్లల కోసం పెట్టిన ట్యాంకులో ఎప్పుడూ ఉంచకండి: రాత్రిపూట గుడ్లు తినేది అవే, కాపలా కాసే తల్లి చేతిలో కళ్లు పోగొట్టుకునేదీ అవే.

ఈ ట్యాంకు చేప రావడానికి కనీసం నెల ముందే సిద్ధమై, ఫిల్టరు పండి (అందులో బ్యాక్టీరియా స్థిరపడి) ఉండాలి. దానికి తోడు ఖాళీగా కనిపించే ఒక క్వారంటైన్ ట్యాంకు వేరే కావాలి: నలభై, యాభై లీటర్లు, పలుచని ఇసుక పొర, రెండు మూడు గొట్టాలు, కొన్ని ఆకులు, పాత ట్యాంకులో నడిచిన స్పాంజ్ ఫిల్టరు.

సంచి విప్పే రోజు

సుదూర ప్రయాణం చేసిన సంచిలో రెండు మార్పులు జరిగి ఉంటాయి. చేప వదిలిన అమ్మోనియా పేరుకుంటుంది. అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. ఆ పడిపోయిన పీహెచ్చే అమ్మోనియాను అమ్మోనియంగా ఉంచి చేపను కాపాడుతుంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవడం మొదలవుతుంది. అందువల్ల ఒకటి రెండు రోజులు ప్రయాణించిన చేపకు గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలిపే పద్ధతి మేలు కంటే కీడే చేస్తుంది.

గదిలో దీపాలు తగ్గించండి. సంచిని విప్పకుండానే క్వారంటైన్ ట్యాంకు నీటి మీద ఇరవై, ముప్పై నిమిషాలు తేలనివ్వండి. విప్పగానే సంచి నీటి కండక్టివిటీని కొలిచి, తేడా కొద్దిగానే ఉంటే చేపను చేతితోనో చిన్న గిన్నెతోనో ఎత్తి నేరుగా ట్యాంకులోకి వదలండి. సంచి నీటిని ట్యాంకులో పోయకండి. తేడా బాగా ఎక్కువగా ఉంటే చేపను లాగకుండా ట్యాంకు నీటి కండక్టివిటీనే సంచి నీటి కొలత దగ్గరికి తెచ్చుకోవాలి, ఆ తర్వాత వారాల మీద దించుకోవాలి. కాబట్టి పంపించేవారి దగ్గర నీటి కొలతలు ఏమిటో ముందే అడిగి ఉంచుకుంటే ఈ తడబాటు ఉండదు. ఆ రోజంతా దీపం వెలిగించకండి, మేత వేయకండి, గాజు దగ్గరికి వెళ్లి చూడకండి.

క్వారంటైన్: నెలన్నర

మర్నాడు సాయంత్రం కొద్దిగా ప్రాణమున్న మేత వేయండి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలు), డాఫ్నియా (నీటి ఈగలు), దోమ లార్వాలు, గ్రిండల్ పురుగులు ఏవైనా సరే, కదలాలి. చేప తినకపోయినా కంగారు పడవలసిన పని లేదు. రెండు మూడు రోజులు ముట్టకపోవడం మామూలే. తినడం మొదలుపెట్టిన తర్వాత ప్రాణమున్న మేతతో పాటు గడ్డకట్టించిన మేతను కొద్దికొద్దిగా కలుపుతూ పోతే కొన్ని వారాల్లో అది కూడా తింటుంది. గుళికలు తినేలా చేయాలన్న పట్టుదల నాకు లేదు. తింటే సరి, తినకపోతే ప్రాణమున్న మేత, గడ్డకట్టించిన మేత ఈ రెంటితోనే జీవితమంతా ఆరోగ్యంగా గడుపుతుంది.

ఈ నెలన్నరలో మీ ప్రధానమైన పని గమనించడం. చేప ముందుకు ఈదుతున్నప్పుడు ఎదురుగా నుంచి చూడండి: తల వెనుక వీపు కండ నిండుగా ఉందా, లోపలికి పీల్చుకుపోయిందా? పొట్ట బోర్లించిన దోనెలా లోనికి పోయి ఉంటే, తింటున్నా అలాగే ఉండిపోతే, లోపల పురుగులు ఉన్నట్టే అనుకోవాలి. మలద్వారం నుంచి ఎర్రటి సన్నని దారపు ముక్కలు బయటికి కనిపిస్తే, చేప కదిలినప్పుడు లోపలికి పోయి ఆగినప్పుడు మళ్లీ బయటికి వస్తే, అవి కామలానస్ పురుగులు. దీనికి లెవామిసోల్ హైడ్రోక్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున ట్యాంకు నీటిలో కలిపి, ఒకరోజు ఉంచి, ఎక్కువ భాగం నీటిని మార్చి, అడుగున పడిన పురుగులను సైఫన్‌తో పూర్తిగా లాగేయాలి. రెండు మూడు వారాల తర్వాత మరొకసారి చేయాలి. ఈ మందు పురుగులను చంపదు, పట్టు సడలేలా చేస్తుంది. అడుగున పడినవాటిని తీసేయకపోతే చేపలు మళ్లీ తింటాయి.

మలం తెల్లగా జిగురు దారంలా వేలాడుతూ, ఆకలి మందగిస్తే పేగులోని ఏకకణ పరాన్నజీవులను అనుమానించి, మేతలో కలిపిన మెట్రోనిడజోల్ వాడతారు. చేప తింటున్నంతవరకే ఈ మార్గం పనిచేస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. శరీరాన్ని కర్రకేసి రుద్దుకుంటూ, ఒక వైపు మొప్ప మూసుకుని రెండో వైపే వేగంగా ఆడిస్తుంటే మొప్పల పురుగులు కావచ్చు, అప్పుడు ప్రాజిక్వాంటెల్ పనికివస్తుంది. లక్షణం కనిపించకముందే ఉన్న మందులన్నీ వరుసగా వేయడాన్ని నేను సమర్థించను. ప్రయాణంలో అలసిన చేపకు ప్రతి మందూ మరో భారమే.

జత కుదరడం

వీలైతే ఒకే చోట పట్టిన ఆరు నుంచి ఎనిమిది చేపలను తెచ్చుకుని వాటినే జతలు ఎంచుకోనివ్వాలి. అడవి చేపలు చాలావరకు జతలుగానే అమ్ముడవుతాయి, కానీ ఆ జత వ్యాపారి కట్టినదే తప్ప చేపలు కట్టుకున్నది కాదని గుర్తుంచుకోండి. మగచేప పెద్దది, వీపురెక్క, కిందిరెక్క చివరలు మొనదేలి ఉంటాయి. ఆడచేప పొట్టిగా, గుండ్రంగా ఉండి, పొట్ట రంగు ఎరుపు నుంచి ఊదా దాకా ఉంటుంది.

ఈ ప్రజాతిలో సరసానికి ముందడుగు తరచుగా ఆడచేపే వేస్తుంది. మగచేప ఎదుటికి వచ్చి, శరీరాన్ని విల్లులా వంచి, ఉబ్బిన ఊదా పొట్టను అతని కళ్లకు ఆనించినంత దగ్గరగా చూపిస్తూ, తోక నుంచి తల దాకా సన్నగా వణుకుతుంది. ఆ వణుకు రెండు మూడు క్షణాలు ఉంటుంది, తర్వాత ఆమె గుహ వైపు ఈది వెనుదిరిగి చూస్తుంది. మగచేప వెంట వెళ్తే పని అయినట్టే. వెళ్లకుండా తరిమితే, లేదా ఆడచేపే మగచేపను మూలకు నెట్టి కొరుకుతుంటే, రెంటి మధ్య చిల్లులున్న అడ్డుగోడ పెట్టి ఒకటి రెండు వారాలు కేవలం చూసుకోనివ్వండి. రెక్కలు చిరిగి, ఒక చేప నీటి ఉపరితలం కింద మూలన రంగు కోల్పోయి నిలబడిపోతే ఇంకా ఆలోచించకుండా వేరు చేసేయాలి.

బలమైన మేతతో రెండు వారాలు పోషించి, తర్వాత ఇంకాస్త మెత్తని, ఒకటి రెండు డిగ్రీలు చల్లని నీటితో వరుసగా రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా నీరు మార్చితే, వానాకాలం వచ్చినప్పుడు వాగులో జరిగే మార్పు ట్యాంకులో జరిగినట్టవుతుంది. కుదుటపడిన జత సాధారణంగా దీనికి స్పందిస్తుంది. స్పందించకపోతే నీటి సంఖ్యలతో ఆటలాడకుండా వేచి ఉండండి. అడవి నుంచి వచ్చిన జత మొదటి గుడ్లకు నెలలు తీసుకోవడం అరుదు కాదు.

గుడ్లు

గుహ వాకిలి దగ్గర ఇసుక కుప్ప రోజురోజుకూ ఎత్తు పెరుగుతూ, లోపలికి సన్నని చీలిక మాత్రమే మిగిలి, ఆడచేప మేత వేసినప్పుడు మాత్రమే బయటికి దూసుకువచ్చి రెండు ముక్కలు పట్టుకుని వెంటనే తిరిగి వెళ్లిపోతుంటే, లోపల గుడ్లు ఉన్నాయి. వాటిని గుహ పైకప్పుకు అంటిస్తుంది. తల్లి తలకిందులుగా ఈదుతూ, ముందురెక్కలతో వాటికి నీరు విసురుతూ, పాడైనవాటిని ఏరేస్తుంటుంది. క్రిబెన్సిస్‌లో ఇవి నలభై నుంచి వంద దాకా, పుల్కర్‌లో ఇంకా ఎక్కువగా ఉంటాయి. బయటి సరిహద్దు మగచేప కాపలా.

గుహను ఎత్తి చూడాలన్న కోరికను అణచుకోండి. టార్చి వెలుగు కూడా వద్దు. 25, 26 డిగ్రీల దగ్గర మూడు రోజులకు గుడ్లు పగులుతాయి, మరో నాలుగైదు రోజులు పిల్లలు కదలలేక అడుగున కుప్పగా పడి పచ్చసొనతోనే బతుకుతాయి. తల్లి వాటిని నోటితో ఒక గుంట నుంచి మరో గుంటకు మారుస్తూ ఉంటుంది.

మొదటి విడత గుడ్లను తినేయడం చాలా జతల్లో జరుగుతుంది. ఒకటి రెండు సార్లు అలా జరిగితే వదిలేయండి. మళ్లీ మళ్లీ జరుగుతుంటే మూడు విషయాలు చూడాలి: గుడ్లు తెల్లబడి బూజు పడుతున్నాయా, అలాగైతే నీరు ఇంకా మెత్తబడాలి, పైన తిరిగే చేపలు మరీ ఎక్కువగా ఉండి తల్లిని బెదిరిస్తున్నాయా, గది తలుపు, మనుషుల నడక ట్యాంకుకు ఎదురుగా ఉన్నాయా. ఒక పక్క గాజుకు నల్లకాగితం అంటిస్తే సరిపోయిన సందర్భాలు ఉంటాయి. గుహతో సహా గుడ్లను తీసి, గాలి రాయి పెట్టి విడిగా పొదిగించడం సాధ్యమే. ఆ వాగు చేపలు మీ దగ్గర ఒకే జత ఉండి, ఆ జత వరుసగా గుడ్లు తింటుంటే చేయండి. ఇతరత్రా తల్లిదండ్రుల దగ్గరే ఉంచాలన్నది నా దృఢమైన అభిప్రాయం. అడవి చేపను తెచ్చుకునేది దాని రంగు కోసమే అయితే ఫారం చేప చాలు. ఈ కాపలా, ఈ పెంపకం చూడడానికే కదా ఇంత శ్రమ.

పిల్లలతో మొదటి నెల

గుడ్లు పెట్టిన ఎనిమిది, తొమ్మిది రోజులకు ఒక ఉదయం ఇసుక మీద తల్లి కింద బూడిదరంగు మేఘంలా పిల్లలు తిరుగుతూ కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే ఒక గొప్ప సంగతి గమనించవచ్చు. ఏదైనా నీడ పడగానే తల్లి పొట్టకింది రెక్కలను టపటపా ఆడించి శరీరాన్ని ఒక్కసారి కుదుపుతుంది. ఆ క్షణంలోనే పిల్లలన్నీ ఇసుకకు అంటుకుని కదలడం మానేస్తాయి, ఇసుక రేణువుకూ పిల్లకూ తేడా తెలియదు. ప్రమాదం తప్పిందని ఆమె మళ్లీ ముందుకు ఈదితే ఒక్కొక్కటే లేస్తాయి. చీకటి పడేవేళ తల్లిదండ్రులు వాటిని నోటినిండా పట్టుకుని గుహలో ఉమ్మి వస్తుంటాయి. దీపం ఒక్కసారిగా ఆరిపోతే సగం పిల్లలు బయటే మిగిలిపోతాయి కాబట్టి గదిలో మరో చిన్న వెలుగు అరగంట సేపు ఉంచి తర్వాత ఆర్పండి.

పిల్లలు ఈదిన రోజు నుంచే ఆర్టీమియా పిల్లలను తినగలవు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, 27 డిగ్రీల వెచ్చదనం, కింది నుంచి గాలి ఉంటే 24 నుంచి 36 గంటల్లో ఆర్టీమియా గుడ్లు పగులుతాయి. ఆ పిల్లలను సన్నని వలలో వడకట్టి, మంచినీటితో కడిగి, పెంకులు కలవకుండా చూసుకుని, సన్నని గొట్టంతో చేపపిల్లల గుంపు మధ్యకు వదలండి. రోజుకు మూడు నాలుగు సార్లు, కొద్దికొద్దిగా. తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో గుండ్రంగా కనిపిస్తుంది. మేత వేసిన పావుగంటకు ఆ రంగు కనిపించకపోతే మేత వాటికి చేరలేదని అర్థం. మిగిలిపోయిన ఆర్టీమియా మంచినీటిలో కొన్ని గంటల్లో చచ్చి నీటిని పాడుచేస్తుంది కాబట్టి అడుగును సన్న గొట్టంతో శుభ్రం చేస్తూ, రోజూ ఐదు నుంచి పది శాతం నీటిని అలాంటి నీటితోనే మార్చండి. తొలి మూడు వారాల్లో పిల్లలు పోవడానికి కారణం చాలావరకు రోగం కాదు, ఆకలి లేదా పాడైన నీరు.

ఈ నెలలోనే పిల్లల భవిష్యత్తును నిర్ణయించే మరో విషయం ఉంది. పెల్వికాక్రోమిస్‌లో ఆడా మగా నిష్పత్తి మీద పిల్లలు పెరిగే నీటి పీహెచ్ ప్రభావం చూపుతుందని 1985లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. 2013లో పుల్కర్ మీద జరిగిన మరో అధ్యయనం అదే చూపి, మగచేపలు ఏ రంగు రూపంలో ఎదుగుతాయన్నది కూడా దానితో మారుతుందని చెప్పింది. ఆమ్లత్వం ఎక్కువైతే మగవి, తటస్థానికి దగ్గరపడితే ఆడవి ఎక్కువ వస్తాయి. గుడ్లు బాగా పొదగాలని పీహెచ్ 5.5కు దించి, అదే నీటిలో పిల్లలను పెంచితే చివరికి దాదాపు అన్నీ మగవే మిగలవచ్చు. అందుకని పిల్లలు ఈదడం మొదలుపెట్టాక నీరు మార్చే ప్రతిసారీ కొద్దిగా పైకి జరుపుతూ 6.5 దగ్గరికి తెచ్చి నెల రోజులపాటు అక్కడే స్థిరంగా ఉంచండి. రెండు విడతల పిల్లలను రెండు వేర్వేరు పీహెచ్‌లలో పెంచి చూసుకుంటే మీ చేపలకు ఏది సరిపోతుందో తేలిపోతుంది.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య తల్లి మళ్లీ రంగెక్కి, పిల్లలను దగ్గరికి రానివ్వకుండా నెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు పిల్లలను వేరే ట్యాంకుకు మార్చాలి, అంతకుముందు వద్దు. కొత్త ట్యాంకులో పాత ట్యాంకు నీరే సగం ఉండాలి. అక్కడి నుంచి చిన్న డాఫ్నియా, సన్నగా తరిగిన గడ్డకట్టించిన మేత, పొడి మేత అన్నీ తింటాయి. ఈ పిల్లలు మనుషుల మధ్య పుట్టినవి కాబట్టి మేత విషయంలో తల్లిదండ్రులంత మొండిగా ఉండవు. నాలుగైదు నెలలకు ఆడా మగా తేడా స్పష్టమవుతుంది.

వంశాన్ని నిలబెట్టడం

మోలివే చేపల మీద జరిగిన ప్రయోగాల్లో ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది: అవి అపరిచితులకంటే సొంత తోబుట్టువులనే జతగా ఎంచుకోవడానికి ఇష్టపడ్డాయని, అలాంటి జతలు పిల్లల పెంపకంలో ఒకదానికొకటి మరింతగా సహకరించుకున్నాయని 2007లో ప్రచురించారు. దీన్ని చూసి తోబుట్టువుల జతలతోనే ఎన్ని తరాలైనా నడపవచ్చనుకోకండి. వాగులో ఉన్నది వందల చేపల గుంపు, మీ దగ్గరున్నది రెండు చేపల నుంచి వచ్చిన గుంపు. అదే వాగుకు చెందిన రెండు మూడు వేర్వేరు జతలను ఉంచుకుని, వాటి పిల్లలను కలపకుండా విడిగా పెంచి, తర్వాతి తరంలో ఒక జత కూతురికి మరో జత కొడుకును కూర్చడం మేలు. ఇదే వాగు చేపలు పెంచుతున్న మరొకరితో మార్చుకోగలిగితే ఇంకా మంచిది.

ప్రతి ట్యాంకు మీదా జాతి పేరు, పట్టిన చోటు, చేప వచ్చిన నెల, తరం రాసి అంటించండి. వాగు నుంచి వచ్చినవి అడవి చేపలు, వాటి పిల్లలు ఎఫ్1, ఆ పిల్లల పిల్లలు ఎఫ్2. ఎఫ్1ను అడవి చేపగా చెప్పి ఇవ్వకూడదు, చోటు తెలియని చేపకు రంగును చూసి చోటు పేరు అంటగట్టకూడదు. పామాయిల్ తోటలు పరచుకుంటున్న కామెరూన్ నైరుతి ప్రాంతంలో, చమురు తీసే నైజర్ డెల్టాలో ఈ వాగులు ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న భరోసా లేదు, కాబట్టి పేరు తప్పని ఒక చిన్న గుంపుకు ఉన్న విలువ తక్కువది కాదు. ఎక్కువైన పిల్లలను ఏ చెరువులోనూ ఏ కాలువలోనూ వదలకూడదు. ఇతరులకు ఇచ్చేటప్పుడు చేపతో పాటు ఒక కాగితం మీద చోటు పేరు, తరం, అవి పెరిగిన నీటి కండక్టివిటీ, పీహెచ్, ఉష్ణోగ్రత, ప్రస్తుతం తింటున్న మేత రాసి ఇవ్వండి. తీసుకునేవారి ట్యాంకులో నీరు ఆ కొలతలకు వచ్చిందని తెలిశాకే సంచి కట్టండి.